పట్టలు కట్టేసిన కొట్టం: చలికాలంలో పాలు తగ్గిన ఒక పాడి కేసు

అనంతపురం జిల్లాలో తాడిపత్రి వైపు ఒక పల్లె. చీనీ తోట అంచున సిమెంటు రేకుల కొట్టం. అందులో ఎనిమిది సంకరజాతి ఆవులు, నాలుగు గ్రేడెడ్ ముర్రా ఎనుములు (గేదెలు), ఐదు దూడలు. పాలిచ్చేవి ఏడు ఆవులు, మూడు ఎనుములు. నవంబరు మొదట్లో రెండు పూటలా కలిపి 78 లీటర్ల దాకా పాల కేంద్రానికి పోసేవాళ్లు. డిసెంబరు మూడో వారానికి అది 63కు దిగింది. ఆవు పాల ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాల శాతం) 8.4 నుంచి 7.9కి పడింది. ఒక హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవుకు వెనక ఎడమ చన్ను గట్టిపడి, వేడెక్కి, పాలలో తరకలు వస్తున్నాయి. మూడు దూడలకు దగ్గు, రెండింటికి పారుడు. మూడు వారాల ఎనుము దూడ ఒకటి అప్పటికే పోయింది.

ఇంటివాళ్లు చెప్పిన కారణం ఒక్కటే: "ఈ ఏడు చలి ఎక్కువ సార్, చలికి పాలు తగ్గినాయి."

ముందు ఆ మాటే తేల్చుకోవాలి. అనంతపురంలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో మామూలుగా 15 నుంచి 18 డిగ్రీలు ఉంటుంది. గట్టిగా చలి పడిన రాత్రి 12 దాకా పోవచ్చు. పగలు మళ్లీ 28, 30. పెద్ద హెచ్‌ఎఫ్ సంకర ఆవుకు ఇది ఇబ్బంది పెట్టే చలి కాదు, ఏడాది మొత్తంలో దానికి హాయిగా ఉండే కాలం. ఏప్రిల్, మే ఎండలకు మేత మానేసి పోగొట్టుకున్న పాలు ఈ నెలల్లోనే తిరిగి రావాలి. కాబట్టి మన సీమలో చలికాలంలో పెద్ద ఆవు పాలు తగ్గిందంటే చలిని అనుమానించే ముందు, చలి అని మనం చేసిన ఏర్పాట్లను అనుమానించాలి. దూడల సంగతి వేరు. పుట్టిన రెండు మూడు వారాల్లో, అదీ ఒళ్లు తడిగా ఉంటే, 15 డిగ్రీలు కూడా దానికి చలే. తాగిన పాలు పెరుగుదలకు కాకుండా ఒంటి వేడికే ఖర్చవుతాయి.

తెల్లవారుజామున కొట్టం ఎలా ఉంది

ఇలాంటి కేసును పగలు పదకొండింటికి చూస్తే ఏమీ దొరకదు. ఎండకు నేల ఆరి ఉంటుంది, పట్టలు ఎత్తి ఉంటాయి, ఆవులు నెమరు వేస్తుంటాయి. చూడాల్సింది తెల్లవారి అయిదు గంటలకు.

కొట్టం తూర్పు పడమరలుగా 45 అడుగులు, వెడల్పు 26 అడుగులు. చూరు ఎత్తు 8 అడుగులు. దీపావళి దాటగానే నాలుగు పక్కలా టార్పాలిన్ పట్టలు చూరునుంచి నేలదాకా వేలాడదీసి, కింద ఇటుకలు పెట్టారు. పడమర పక్క ఒక్క తలుపు. దోమలకని మూలన వేపాకు పొగ. లోపలికి అడుగు పెట్టగానే కళ్లు మండుతాయి. అది పొగ ఒక్కదానివల్లే కాదు. ఆవు ముక్కు ఎత్తున వంగి గాలి పీలిస్తే ఉచ్చ ఘాటు, అంటే అమ్మోనియా, గొంతు పట్టుకుంటుంది. మనిషి నిలబడిన ఎత్తులో అంత తెలియదు. పడుకున్న ఆవు, అంతకంటే కిందుండే దూడ రాత్రంతా పీల్చేది ఆ కింది గాలినే.

టార్చి వేసి పైకి చూస్తే రేకుల అడుగున నీటి బొట్లు వరసగా వేలాడుతున్నాయి. అన్నం గిన్నె మూత లోపల చెమ్మ పట్టినట్టు. బోల్టుల దగ్గర బొట్టు పెద్దదై ఆవుల వీపుల మీద పడుతోంది. నడుము మీద అరచెయ్యి పెట్టి వెంట్రుకలకు ఎదురుగా నిమిరితే చెయ్యి తడి అయింది. పెద్ద ఆవు ఊపిరితో, చెమటతో రోజుకు పది లీటర్లకు పైగా నీటిని ఆవిరిగా వదులుతుంది. పన్నెండు పశువుల ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే బయటి చలికి చల్లబడిన రేకుకు అంటుకుని నీళ్లై మళ్లీ వాటి మీదే పడుతుంది. బయట 15 డిగ్రీలు, లోపల 20. ఆ అయిదు డిగ్రీల వేడి కోసం కొన్న తడి ఇది. పొడి వెంట్రుకల మధ్య నిలిచే గాలే పశువుకు దుప్పటి. తడిస్తే ఆ దుప్పటి ఉండదు.

నాలుగున్నరకే పైపుతో నేల, ఆవుల వెనక భాగం కడిగేస్తున్నారు. అయిదింటికి పిండుడు. పట్టలు ఎత్తేది పదింటికి. అంటే అయిదు గంటలకు పైగా సిమెంటు నేల తడిగానే ఉంది. పాలు పిండగానే ఆవులు ఆ తడిలోనే పడుకుంటున్నాయి. పిండిన తర్వాత చన్ను రంధ్రం మూసుకోవడానికి కనీసం అరగంట పడుతుంది. ఆ అరగంటలో పేడనీళ్లలో పొదుగు ఆనిస్తే సూక్ష్మక్రిములకు తలుపు తీసిపెట్టినట్టే. ఈ కేసులో పొదుగు వాపు మొదలైంది ఇక్కడే.

పిండే తీరు కూడా దానికి తోడైంది. పది పశువులకూ ఒకే బకెట్టు, ఒకే గుడ్డ. పొదుగు మొత్తం తడిపి, తుడవకుండా, చుక్కలు కారుతుండగానే పిండుతున్నారు. బొటనవేలు మడిచి, వేలి కణుపుతో చన్నును నొక్కే అలవాటు. చేతికి నూనె. పొదుగు మీది మురికినీళ్లు చన్ను మీదుగా చేతిలోకి, చేతిలోంచి మరో చన్నుకు. చలిగాలికి, తడికి నాలుగు ఆవుల చన్నుల మొనలు పగిలి ఉన్నాయి. పగులు నొప్పికి ఆవు కాలు ఎత్తుతుంది, సరిగా చేపదు. చేపకపోతే పాలు పొదుగులో మిగులుతాయి. మిగిలిన పాలు వాపును పెంచుతాయి.

నీళ్ల తొట్టి సిమెంటుది. సాయంత్రం నింపింది రాత్రంతా చల్లారి ఉంది. పిండిన తర్వాత దాహంతో ఆవు మూతి పెట్టి, రెండు గుక్కలు తాగి తల ఎత్తేస్తోంది. పాలలో 87 శాతం దాకా నీరే. పది లీటర్ల ఆవుకు ఈ కాలంలోనూ రోజుకు 60 లీటర్ల నీళ్లు కావాలి. వ్యవసాయ కరెంటు పగటిపూట తొమ్మిది గంటలే కాబట్టి ఉదయం మోటారు తిరగదు, తాజా బోరు నీళ్లు అందవు. బోరులోంచి అప్పుడే వచ్చిన నీళ్లు చలికాలంలో గోరువెచ్చగా ఉంటాయని అందరికీ తెలుసు. తెలిసీ దాన్ని రాత్రంతా చల్లార్చి తాగిస్తున్నాం.

మేతలో దొరికింది

గాడిలో చెనిక్కాయ కట్టె, అంటే కాయలు తెంచిన వేరుశనగ చెట్టు. మన జిల్లాలో చలికాలపు మేత అంటే అదే. మంచి మేతే. వరిగడ్డిలో లేని మాంసకృత్తులు, సున్నపు ధాతువు ఇందులో ఉంటాయి. సమస్య అది కోసిన కాలంలో ఉంది. అక్టోబరు, నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానలు పడుతుండగా కాయ పీకుతారు, కాయలు తెంచాక కట్టెను సగం ఆరగానే వామి వేస్తారు. కదిరి లేపాక్షి లాంటి రకాల్లో ఆకు చివరిదాకా పచ్చగా నిలుస్తుంది. మేతకు అది లాభమే గానీ ఆరడానికి అదనంగా ఎండ కావాలి.

ఈ వామిలో పైన ఒక అడుగు మేర బాగుంది. చెయ్యి లోపలికి దూర్చితే వెచ్చగా తగిలింది. ఒక మోపు లాగి నేలకు కొడితే బూడిదరంగు పొడి లేచింది, ముక్కిన వాసన. కాడల కణుపుల దగ్గర నల్లటి, పచ్చటి బూజు. ఆ పచ్చబూజు ఆస్పర్‌జిల్లస్ జాతిది కావచ్చు. చెనిక్కాయలో, చెనిక్కాయ చెక్కలో అఫ్లాటాక్సిన్ విషం తయారు చేసేది ఆ జాతే. తిన్న ఆవు కాలేయం దెబ్బతింటుంది, మేత తగ్గుతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి పడిపోతుంది. విషంలో కొంత ఎం1 రూపంలో పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. పాలలో దాని పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములని ఆహార భద్రతా ప్రమాణాలు చెబుతున్నాయి. కాబట్టి ఇది ఆవు ఆరోగ్యంతో ఆగే విషయం కాదు. ఆ పాలు తాగేది పిల్లలు.

బూజు కట్టెను ఉప్పునీళ్లు చల్లి పెడితే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. ఉప్పుకు ఆవు ఇష్టంగా తింటుంది, అంతే. విషం ఎక్కడికీ పోదు. కింద పరుపుగా పరిచినా దూడలు కొరుకుతాయి, ఆ పొడి ఊపిరిలోకి పోతుంది. ఎరువు గుంతలో వేయడం ఒక్కటే దారి.

పాల పరీక్ష

ఎస్‌ఎన్‌ఎఫ్ 7.9 అన్న అంకె చూసి నీళ్లు కలిపారని కేంద్రంలో అనుమానించారు, రైతు బాధపడ్డాడు. నీళ్లు కలిపితే వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ రెండూ ఒకే లెక్కన పడతాయి. ఇక్కడ వెన్న దాదాపు అలాగే ఉండి ఎస్‌ఎన్‌ఎఫ్ మాత్రమే పడింది. పొదుగు లోపలి కణజాలం దెబ్బతిని లాక్టోజు, కేసిన్ తయారీ తగ్గినప్పుడు ఇలా జరుగుతుంది. చన్ను పైకి మామూలుగానే ఉంటుంది, పాలు తెల్లగానే ఉంటాయి. లోపల వాపు ఉంటుంది. దీన్నే కనిపించని పొదుగు వాపు అంటాం.

ఈ వాపును పట్టే సీఎంటీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) పరీక్షకు నాలుగు గిన్నెలున్న పళ్లెం కావాలి. మొదటి మూడు ధారలు పారబోసి, ఒక్కో చన్ను నుంచి ఒక్కో గిన్నెలోకి రెండు మి.లీ. పాలు, అంతే కొలత సీఎంటీ ద్రావణం. పళ్లేన్ని పది పదిహేను సెకన్లు గుండ్రంగా తిప్పాలి. పల్చగానే ఉంటే బాగున్నట్టు. అడుగున జిగురు సాగితే వాపు. గడ్డలా మధ్యకు చేరితే తీవ్రం. ద్రావణం దొరకని చోట బట్టలసబ్బు పొడిని 3 శాతం లెక్కన, అంటే 100 మి.లీ. నీటికి 3 గ్రాములు కలిపి వాడినా పని జరుగుతుంది. అయితే ఈనిన మొదటి వారంలోనూ, ఒట్టిపోయే దశలోనూ ఆరోగ్యంగా ఉన్న చన్ను కూడా కొంచెం జిగురు చూపిస్తుంది. ఆ ఫలితాన్ని నమ్మకూడదు.

ఏడు ఆవుల 28 చన్నుల్లో 9 జిగురు చూపాయి. తరకలు వచ్చే చన్ను వీటిలో ఒకటి. ఎనుముల్లో ఒక చన్ను. ఎనుము చన్ను మొన కండరం బిగువు ఎక్కువ కాబట్టి తక్కువగా పట్టింది. అదే బిగువువల్ల దానికి వాపు వస్తే పాలు పిండి తీయడం కష్టం.

వరసగా చేసిన పనులు

మొదట పట్టలు, ఆ రోజే. తీసేయమని చెబితే ఎవరూ వినరు, విననవసరం కూడా లేదు. ఈశాన్యం గాలి పడుకున్న ఆవు పొదుగుకు, దూడకు తగలకూడదన్నది నిజం. మార్చింది కట్టే పద్ధతి. పట్టను చూరునుంచి వేలాడదీయకుండా నేలనుంచి పైకి నిలబెట్టాం. ఉత్తరం, తూర్పు పక్కల గుంజలకు అడ్డంగా తాడు లాగి, నేలనుంచి అయిదు అడుగుల ఎత్తుదాకా పట్ట. దానిపైన చూరుదాకా మూడు అడుగుల సందు రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. గాలి ఆవు ఎత్తులో తగలదు, ఆవిరి పైనుంచి పోతుంది. కొప్పు దగ్గర రెండు రేకు మూతలను కొయ్య ముక్కలు పెట్టి నాలుగు అంగుళాలు లేపాం. వేడిగాలి పోయే దారి అదే. దక్షిణం పక్క పట్ట ఉదయం ఎండ పొడవగానే పూర్తిగా చుట్టేసి, సాయంత్రం ఆరింటికి సగం దించాలి. ఈ నెలల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి తొమ్మిదింటికి ఎండ కొట్టం లోపలికి బాగా పడుతుంది. నేల ఆరబెట్టడానికి అంతకంటే మంచి మందు లేదు. పొగ పూర్తిగా మానిపించాం. దోమలకు వల కట్టుకోవచ్చు.

మొదటి రెండు రాత్రులు పాలేరు ఉత్తరం పక్క పట్ట మొత్తం తీసేశాడు, "గాలి ఆడాలన్నారు కదా" అని. దగ్గుతున్న దూడలు ఆ గాలికి ఇంకా కుంగిపోయాయి. అందుకే గుంజల మీద అయిదు అడుగుల దగ్గర సున్నంతో గీత పెట్టించాం. సరిపోయిందో లేదో చూడటానికి కొలత ఒకటే: తెల్లవారి అయిదింటికి రేకు అడుగు పొడిగా ఉండాలి.

నేల కడగడం పదింటి తర్వాతకు మార్చాం. తెల్లవారుజామున నీళ్లు ముట్టుకోకుండా పారతో పేడ లాగి, పొడి చీపురుతో ఊడ్చి, ఉచ్చ మడుగుల మీద పొడి ఊక చల్లాలి. పడుకునే చోట రెండు అంగుళాల మందాన పొట్టు. ఊళ్లో చెనిక్కాయల మిల్లు నుంచి బుడ్డల పొట్టు ఊరికే దొరికిందని మొదట ఆరు అంగుళాలు పోశారు, కింద తడి ఆరక వారానికే వేడెక్కి బూజు పట్టింది. దాన్ని ఎత్తిపోసి వరి ఊకకు మార్చాం. ఏది పోసినా పలచగా పోయాలి, తడిసిన చోటు రోజుకు రెండు పూటలా తీసేయాలి.

పిండుడు క్రమం. బాగున్న ఆవులు ముందు, జిగురు చూపినవి తర్వాత, తరకల ఆవు చివర. మొదటి మూడు నాలుగు ధారలు నల్లగుడ్డ కట్టిన చిన్న గిన్నెలోకి తీసి చూడాలి, నేల మీద వదలకూడదు. పొదుగంతా కడగొద్దు. చన్నులు మాత్రమే లేత గులాబీ రంగు పొటాషియం పర్మాంగనేటు కలిపిన గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరేలా తుడవాలి. ఆవుకొక గుడ్డ. పాత నూలు పంచె చింపితే పది పన్నెండు గుడ్డలు వస్తాయి. వాటిని రోజూ మరిగించి ఎండలో వేయాలి. చన్ను తాకిన నిమిషం లోపు పిండటం మొదలుపెట్టాలి. చేపు అయిదు నుంచి ఏడు నిమిషాలే ఉంటుంది, ఆలోపు ముగించాలి. బొటనవేలు మడవకుండా పిడికిలితో పొడిచేతితో పిండాలి. దీనికి పాలేరు చెయ్యి అలవాటు పడటమే అన్నిటికంటే ఆలస్యమైంది. మణికట్టు నొస్తుందని రెండు రోజులకు ఒకసారి పాత పద్ధతికి పోయాడు.

పిండిన వెంటనే చన్నులు ముంచడం. 5 శాతం పొవిడోన్ అయోడిన్ 90 మి.లీ., గ్లిజరిన్ 10 మి.లీ. చిన్న కప్పులో పోసి ఒక్కో చన్ను మూడొంతులు మునిగేలా పట్టాలి. ఉత్త అయోడిన్ చలికాలంలో చర్మాన్ని ఎండబెట్టి పగుళ్లు పెంచుతుంది. గ్లిజరిన్ వదిలేయకూడదు. ముంచిన వెంటనే గాడిలో పచ్చిమేత వేస్తే ఆవు అరగంట నిలబడే తింటుంది. ఈ ఒక్క పని ఖర్చులేనిది, ఫలితం ఎక్కువ.

తరకల ఆవు పాలు పరీక్షకు పంపి, చన్నులోకి ఎక్కించే ట్యూబులు, నొప్పికి మెలాక్సికామ్ కిలోకు 0.5 మి.గ్రా. లెక్కన ఇచ్చాం. ఈ సందర్భంలో ఒక మాట. పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లోనే, కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్‌లను 2023లో రాబందుల కోసం నిషేధించారు, ఆ మందు వాడిన పశువు కళేబరం తింటే అవి చస్తాయి. మందుల షాపులో ఎవరైనా అంటగట్టినా తీసుకోవద్దు. ట్యూబు మందు రెండు రోజులకే తరకలు ఆగాయని రైతు ఆపేశాడు. మళ్లీ నాలుగో రోజుకు తరకలు వచ్చాయి. కోర్సు మొదటినుంచి చేయాల్సి వచ్చింది. మందు వాడినన్నాళ్లు, ఆ తర్వాత ట్యూబు మీద రాసిన గడువు తీరేదాకా ఆ ఆవు నాలుగు చన్నుల పాలూ కేంద్రానికి పోయకూడదు. ఒక్క చన్ను పాలే పారబోస్తే చాలనుకుంటారు, మందు రక్తం ద్వారా మిగతా చన్నుల్లోకీ వస్తుంది.

కనిపించని వాపు ఉన్న చన్నులకు యాంటీబయాటిక్ వాడలేదు. 400 కిలోల ఆవుకు రోజుకు 12 గ్రాముల చొప్పున ట్రైసోడియం సిట్రేటు దాణాలో కలిపి వారం ఇచ్చాం. దానితో పాటు జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేసే లేపనం వాడాం: కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు మెత్తగా నూరి, కొంచెం కొంచెం తీసి నీళ్లతో పలచన చేసి పొదుగుకు రోజుకు పదిసార్ల దాకా, అయిదు రోజులు పూయాలి. రోజూ తాజాగా నూరాలి. పిండే ముందు శుభ్రంగా కడిగి ఆరబెట్టకపోతే సున్నం పాలలో పడుతుంది.

మేతలో, బూజు కట్టె ఆపి, వామిని విప్పి బాగున్న పై భాగాన్ని రెండు రోజులు ఎండలో తిరగేసి ఆరబెట్టి వేరుగా పెట్టించాం. పది లీటర్ల ఆవుకు లెక్క ఇలా కుదిరింది: సూపర్ నేపియర్ పచ్చిగడ్డి 22 కిలోలు, జొన్నసొప్ప, మంచి కట్టె కలిపి 4 నుంచి 5 కిలోలు, దాణా ఒంటికి ఒకటిన్నర కిలో, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో, ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. ఎనుముకు రెండు లీటర్లకే ఒక కిలో దాణా. ఎండుమేతలో ఎక్కువ భాగం రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య వేయాలి. పీచుమేత కడుపులో పులిసేటప్పుడు పుట్టే వేడి తెల్లవారుజాము చలికి పనికొస్తుంది. చెనిక్కాయ చెక్క కొనేటప్పుడు కూడా ముక్క విరిచి వాసన చూడాలి.

నీళ్లకు ఇంట్లో ఉన్న మూత డ్రమ్ములు రెండు వాడాం. సాయంత్రం కరెంటు పోయే ముందు బోరునీళ్లు నింపి, గోనెసంచులు చుట్టి కొట్టం లోపల పెట్టించాం. పొద్దున అవి తొట్టినీళ్లంత చల్లగా లేవు. పిండగానే ఆవుకు ఇరవై లీటర్లు అందుతున్నాయి. పగలు పదకొండింటికి తొట్టి ఖాళీ చేసి తాజా నీళ్లు.

దూడలు

చనిపోయిన ఎనుము దూడకు జున్నుపాలు ఆలస్యంగా పట్టారు. మాయ పడేదాకా జున్నుపాలు పట్టకూడదన్న పాత నమ్మకం ఇంకా ఉంది. పుట్టిన రెండు గంటల్లో రెండు లీటర్లు కడుపులోకి పోవాలి, మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదోవంతు. ముప్పై కిలోల దూడకు మూడు లీటర్లు. గంటలు గడిచేకొద్దీ పేగు ఆ రక్షక పదార్థాలను పీల్చుకోవడం తగ్గిపోతుంది, రోజు దాటితే దాదాపు ఏమీ ఉండదు. దూడ తాగుతుంటే మాయ కూడా త్వరగా పడుతుంది.

మిగిలిన దూడలను కొట్టం దక్షిణం పక్కకు మార్చి, కింద వరిగడ్డి మందంగా వేయించాం. దూడ పడుకున్నప్పుడు కాళ్లు గడ్డిలో మునిగి కనిపించకుండా పోతే మందం సరిపోయినట్టు. గోనెసంచిని ముందుకాళ్లకు రెండు రంధ్రాలు పెట్టి, కడుపు కింద నాడాతో కట్టాలి. ఉదయం ఎండ రాగానే విప్పి ఆరేయాలి. రెండు రోజులు విప్పకపోతే ఉచ్చకు, చెమ్మకు తడిసి బరువెక్కుతుంది. తడి గోనె కంటే ఉత్త ఒళ్లే మేలు. బకెట్టుతో పట్టే పాలు 38, 39 డిగ్రీలు ఉండాలి. కేంద్రానికి పోసి వచ్చాక ఏడింటికి మిగిలిన చల్లటి పాలు పట్టడమే పారుడుకు ఒక కారణం.

దగ్గే దూడల్లో రెండింటికి 104 డిగ్రీలకు పైగా జ్వరం, మామూలుగా 101.5 నుంచి 102.5 ఉండాలి. వాటికి యాంటీబయాటిక్ వాడాం. మూడోది గాలి మారగానే కోలుకుంది. పారుడు దూడలకు పాలు ఆపలేదు. పాలకు పాలకు మధ్య లీటరు నీటికి ఒక ఓఆర్‌ఎస్ పొట్లం కలిపి తాగించాం. ఒకదాని పేడలో నెత్తుటి చారలు ఉండటంతో పేడ పరీక్ష చేయిస్తే కాక్సీడియా అనే పేగు పరాన్నజీవి బయటపడింది. తడి నేల మీద గుంపుగా కట్టే దూడలకు వచ్చే జబ్బే అది. ఆంప్రోలియం కిలోకు 10 మి.గ్రా. చొప్పున అయిదు రోజులు.

ఎనుముల సంగతి

పట్టలు కట్టడం వల్ల ఇంకో నష్టం జరిగింది, దాన్ని ఇంటివాళ్లు గమనించలేదు. ఎనుములు ఎక్కువగా ఎదకు వచ్చేది ఈ చలి నెలల్లోనే. ఈ రెండు మూడు నెలలు జారిపోతే ఎండాకాలంలో ఎద కనిపించదు, ఏడాది పోతుంది. ఎనుము ఆవులా అరవదు, మీద ఎక్కదు. పడుకున్నప్పుడు వెనకనుంచి జారే గాజులాంటి తీగ, పదేపదే కొద్దికొద్దిగా ఉచ్చ పోయడం, ఆ పూట పాలు తగ్గడం, ఇవే గుర్తులు. అవి రాత్రి తొమ్మిది పది మధ్య, తెల్లవారుజామున బాగా కనిపిస్తాయి. చీకటిగా మూసిన కొట్టంలోకి రాత్రి ఎవరూ పోలేదు, ఒట్టి ఎనుముకు ఒక ఎద తప్పిపోయింది. రాత్రి టార్చితో ఒక చుట్టు అలవాటు చేశాక ఇరవై ఒక్క రోజులకు మళ్లీ వచ్చిన ఎదను పట్టుకున్నారు. సాయంత్రం గుర్తు కనిపిస్తే మర్నాడు పొద్దున, పొద్దున కనిపిస్తే ఆ సాయంత్రం కట్టు సూది (కృత్రిమ గర్భధారణ).

ఎనుములకు చలికాలంలో పేలు పడతాయి. మెడ, తోక మొదలు చూడాలి. మి.లీ.కు 12.5 మి.గ్రా. ఉండే డెల్టామెత్రిన్ మందు లీటరు నీటికి 2 మి.లీ., పగలు పదకొండు పన్నెండు మధ్య ఎండలో, నాకకుండా మూతికి చిక్కం పెట్టి కొట్టాలి. పొద్దున్నే చన్నీళ్లతో కడిగే అలవాటు ఈ రెండు నెలలు మానాలి. పాలిచ్చే పశువుకు ఐవర్‌మెక్టిన్ సూది వద్దు, పాలలోకి వస్తుంది. గాలికుంటు టీకా నాలుగు నెలలు దాటిన ప్రతి పశువుకూ ఆరు నెలలకోసారి ఉచితంగా వేస్తున్నారు. ఈ కొట్టంలో రెండు పెయ్యలకు పడలేదు, జ్వరాలు తగ్గాక వేయించాం.

మూడు వారాల తర్వాత

రెండు పూటల పాలు 74 లీటర్లకు వచ్చాయి. ఆవు పాల ఎస్‌ఎన్‌ఎఫ్ 8.3. జిగురు చూపే చన్నులు తొమ్మిదినుంచి మూడుకు తగ్గాయి. దూడల దగ్గు ఆగింది. రేకుల అడుగు పొడిగా ఉంది. 78 దాకా పోలేదు, దానికి కారణం తరకల ఆవు. దాని వెనక ఎడమ చన్ను గట్టిపడిపోయింది, మధ్యలో ఆపిన కోర్సు నష్టం అది. ఆ ఆవు ఇక మూడు చన్నుల మీదే పాలివ్వాలి.

మార్చి చివర ఈనబోయే రెండు ఆవుల్ని అరవై రోజుల ముందు ఒట్టి చేయించి, చివరి పిండుడు తర్వాత నాలుగు చన్నుల్లోనూ ఒట్టిదశ ట్యూబులు ఎక్కించి ముంచడం చేశాం. జిగురు మిగిలిన మూడు చన్నుల్లో రెండు వాటివే, అవి నయం కావడానికి ఆ అరవై రోజులే అనువైన సమయం. కొట్టం మధ్య కాలువ దగ్గర నేల వాలు తప్పి ఉచ్చ నిలుస్తోంది. అయిదు అడుగులకు ఒక అంగుళం వాలు వచ్చేలా, గిట్ట జారకుండా గరుకు గీతలతో, ఎండాకాలంలో సిమెంటు పని పెట్టుకున్నారు.